మైదాపిండి మచ్చలు

ఉన్న జబ్బును లేనట్టు దాచుకునేవాళ్లను మీరు వందమందిని చూసి ఉంటారు. లేని జబ్బును ఉన్నట్టు చెప్పి సెలవు పెట్టేవాళ్లను అంతకు పదింతలు చూసి ఉంటారు. ఉన్న జబ్బునే ఉన్నట్టు నటించబోయి, బడి నిండా జనం ముందు అడ్డంగా దొరికిపోయిన మహానుభావుణ్ణి మాత్రం ఎక్కడా చూసి ఉండరు. ఆ మహానుభావుణ్ణి నేనే. సిగ్గుపడే వయసు దాటిపోయింది కాబట్టి చెబుతున్నాను. మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లోవాళ్లు ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, వాళ్లలో మీరూ చేరితే నాకు కొత్తగా పోయేదేమీ లేదు.

తొంభైల చివరి మాట ఇది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. మదనపల్లెలో మస్తాన్ అన్న ఫోటో స్టూడియోలో టచింగ్ పని చేసేవాణ్ణి. టచింగ్ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. నెగటివ్‌ను దీపం పెట్టె మీద పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహం మీది మొటిమలు, మచ్చలు, గుంతలు కనపడకుండా చేయడం. పెళ్లిచూపులకు పంపే ఫోటోలన్నీ నా చేతి మీదుగానే పోయేవి. ఆ చుట్టుపక్కల నాలుగు మండలాల్లో నా పెన్సిలు తగలని పెళ్లికూతురు లేదని మస్తాన్ అన్న గొప్పగా చెప్పేవాడు. అందరి మచ్చలూ మాయం చేసే ఆ మొనగాడు ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుని తిరిగేవాడు. ఎందుకంటే నాకు సోరియాసిస్ ఉంది.

తెలియనివాళ్లకు చెబుతాను. చర్మం మీద ఎర్రటి మచ్చ లేచి, దాని మీద తెల్లగా పొలుసులు కడతాయి. అంటుకునే జబ్బు కాదు, ప్రాణం తీసే జబ్బు కాదు, కానీ పోయే జబ్బు కూడా కాదు. నా పదమూడో ఏట మోచేతుల మీద మొదలయింది. నేను పడుకుని లేచిన చాప మీద తెల్లటి పొట్టు రాలి ఉండేది. అమ్మ అందరికంటే ముందు లేచి, ఎవరి కంటా పడకుండా చిమ్మేసేది.

ఎవరి కంటా అంటే, ముఖ్యంగా మా అవ్వ కంట. మా నాయన తల్లి. జబ్బు బయటపడిన రోజే ఆవిడ కారణం కూడా కనిపెట్టేసింది.

"వీణ్ణి కడుపులో పెట్టుకోని గ్రహణం పూట కత్తి పట్టింది మీయమ్మ. వద్దే రత్నా, కదలకుండా పండుకోవే అంటే వినిందా? వంకాయలు కోసింది. అది ఈ పొద్దు బిడ్డ తోలు మీద తేలింది."

"గ్రహణం ఇడిసినంకే కోస్తి అత్తా. అది గూడా రెండే కాయలు," అనేది అమ్మ.

"రెండు కోసింది గాబట్టే రెండు మోచేతులకీ వచ్చుండాది."

చూశారా తర్కం! పదమూడేళ్ల పాటు ఆ గ్రహణం ఏ ఊళ్లో తిరిగిందో, మా ఇల్లు వెతుక్కుంటూ రావడానికి ఎందుకంత ఆలస్యమయిందో మాత్రం అవ్వను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మా నాయన పట్టుమగ్గం నేసేవాడు. ఇంట్లో ఇలాంటి మాట మొదలైతే చాలు, మగ్గం చప్పుడు రెండింతలయ్యేది. అందులో తనకేమీ వినపడలేదని చెప్పుకునే సౌకర్యం ఉంది.

ఇక వైద్యం సంగతి. పెద్దతిప్పసముద్రం వైపు నుంచి వచ్చే నాటువైద్యుడు గోగాకు, అంటే గోంగూర, మానమన్నాడు. అంగళ్లలో ఆకు పసరు ఇచ్చే పెద్దాయన శెనక్కాయలు మానమన్నాడు. ఇంకొకాయన కోడిగుడ్డు, మరొకాయన ఎండుచేప. ఒకరన్నది ఇంకొకరు కొట్టేసేవారు. వంకాయ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ అన్నదమ్ముల్లా ఒకే మాట మీద నిలబడేవారు. వంకాయ ముట్టకూడదు, వంకాయ వండిన గిన్నె కూడా కడగకుండా వాడకూడదు. అలా పదకొండేళ్లు నేను వంకాయ తినలేదు. నేనే కాదు, వంకాయంటే ప్రాణం పెట్టే మా అమ్మ కూడా మానేసింది. 'వాడికి లేంది నాకెందుకు' అని పైకి చెప్పేది. తప్పు చేసినదానికి దండన వేసుకున్నట్టు మానేసిందని నాకు తెలుసు.

ఆ ఏడు చలికాలంలో మచ్చలు బాగా రేగి, మదనపల్లెలో చర్మం డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన గది బయట బల్ల దగ్గర బెంగళూరు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ కాగితాల కట్ట పెట్టుకుని కూర్చుని ఉంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఈ జబ్బు వంశాల్లో ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి పరిశోధన చేస్తున్నారట, ఇష్టమైనవాళ్లు రక్తం ఇవ్వొచ్చట.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది.

"లేదు మేడమ్, నాకొక్కనికే. మా అమ్మ గ్రహణం పూట వంకాయలు కోసింది గదా, అందుకు."

ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది. "ఇది గ్రహణంతో రాదు నాగరాజుగారూ. వంకాయతోనూ రాదు. వంశంలో ఎక్కడో ఉంటుంది. కొందరిలో బయటపడుతుంది, కొందరిలో జన్మంతా పడదు. ఇందులో ఏ తల్లి తప్పూ ఉండదు."

నన్ను గారు అన్న మొదటి మనిషి ఆమె. అది కూడా నేను పట్టించుకోలేదు. ఆ చివరి మాట ఒక్కటే చెవిలో గింగురుమంది. "ఈ మాట మా ఇంటికొచ్చి మా అవ్వకు చెప్తారా మేడమ్?"

"ఇంటింటికీ రాలేను. ఎండాకాలంలో కుప్పంలో క్యాంపు పెడుతున్నాం. రక్తం అదే రోజు రైల్లో బెంగళూరు చేరాలి, అందుకని అక్కడ. మీ అమ్మనూ నాన్ననూ అవ్వనూ తీసుకురండి. మూడు తరాలు దొరికితే మాకు చాలా మేలు. అందరి ముందూ చెబుతాను. ఇంకో సంగతి, దీనివల్ల మీకు సొంతంగా ఏ లాభమూ ఉండదు. మందు ఇవ్వం, జబ్బు నయం కాదు. ముందుముందు పుట్టేవాళ్లకు ఉపయోగపడొచ్చు, అంతే."

పదకొండేళ్లలో 'నయం కాదు' అని మొహం మీద చెప్పిన మొదటి డాక్టరు కూడా ఆమే. మిగతావాళ్లందరూ మూడు నెలల్లో గ్యారంటీ ఇచ్చినవాళ్లే. నాకు ఆమె మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, ఆమె ఇచ్చిన రెండు పేజీల కాగితంలో మొదటి పేజీ మాత్రమే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను. కథంతా ఆ రెండో పేజీలోనే ఉంది, గుర్తు పెట్టుకోండి.

అవ్వను కుప్పానికి ఎలా కదిలించాలా అని నేను నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. తీరా చెబితే ఆవిడ ఎగిరి గంతేసింది. "నేనే జెప్తా ఆ డాక్టరమ్మకి గ్రహణం సంగతి. సదువుకున్నోళ్లకి ఇట్లాటియన్నీ యాడ తెలుస్తాయి!"

అమ్మ చేటలో బియ్యం అటూ ఇటూ కదుపుతూ ఉండిపోయింది. ఆ మొహం చూసి, ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే చాలని నాకు నేనే చెప్పుకున్నాను.

అయితే ఉగాది దాటి ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున స్నానం చేస్తూ మోచేయి చూసుకుంటే మచ్చ లేదు. రెండో చేయి చూశాను, అక్కడా లేదు. మోకాళ్లు కూడా పెళ్లికొడుకు మోకాళ్లలా మెరుస్తున్నాయి. పదకొండేళ్లుగా ఎన్ని నూనెలు రాసినా కదలని మొండి మచ్చలు, కుప్పం క్యాంపు ఇంకా పదిరోజులు ఉందనగా చెప్పాపెట్టకుండా లేచిపోయాయి. స్టూడియోలో తల పట్టుకుని కూర్చున్నాను.

"జబ్బు తగ్గితే సంతోషపడాల గానీ, యాల ఏడుస్తాండావురా?" అన్నాడు మస్తాన్ అన్న.

"ఏం చూపించేదన్నా ఆడ? డాక్టరమ్మ ఫోటో గూడా తీస్తామనింది. మొకం లేకుండా ఫోటో తీస్తామా మనం? మచ్చ లేకుండా పరిశోధన ఎట్ల జేస్తారు? మచ్చ లేకుంటే నన్ను తీసుకోరు, నన్ను తీసుకోకుంటే ఆ మాట జెప్పరు, మా అమ్మ బతుకంతా గ్రహణం కిందనే ఉండిపోతాది."

ఇదీ ఇరవై నాలుగేళ్ల నా బుర్ర పని చేసిన తీరు. ఆమెకు ఒక ఉత్తరం ముక్క రాసి అడిగి ఉండొచ్చు. కనీసం జేబులోని రెండో పేజీ విప్పి ఉండొచ్చు. నేను అంత తేలిక దారులు పట్టే మనిషిని కాను.

అదే వారం మస్తాన్ అన్న నన్ను పుంగనూరు పంపాడు, అక్కడొక కాలేజీ పిల్లలకు పాస్‌పోర్టు ఫోటోలు తీయాలని. పుంగనూరులో మా మామ, అంటే అమ్మ తమ్ముడు, బస్టాండు పక్కన మెస్సు నడిపేవాడు. బస అక్కడే. మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చోగానే నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పదకొండేళ్లు పథ్యం పట్టింది మచ్చలు పోవడానికే కదా, పథ్యం విడిస్తే మచ్చలు పరుగెత్తుకుంటూ రావాలి కదా!

"మామా, వంకాయ పెట్టు."

మామ చేతిలోని గరిటె ఆగిపోయింది. "ఏమప్పా, బాగుండావా? మీయమ్మకు తెలిస్తే నా మెస్సుకు నిప్పు పెడ్తాది."

"అమ్మ కోసమే తింటాండా. పెట్టు."

రాగి సంగటి ముద్ద, దాని మీద శెనక్కాయల పొడి కూరిన నూనె వంకాయ. వంకాయ, శెనక్కాయ, రెండు నేరాలూ ఒకేసారి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికి కాదు. పదకొండేళ్లు, అయ్యా! ఆ రోజు పద్నాలుగు కాయలు తిన్నాను. రాత్రికి ఎండుచేపల పులుసు, మర్నాడు కోడిగుడ్లు, గోగాకు, మళ్లీ వంకాయ. నాలుగు రోజుల్లో ఊళ్లో వైద్యులందరి పథ్యాలనూ వరసబెట్టి విరిచిపారేశాను. పొద్దున లేవగానే మోచేతులు చూసుకునేవాణ్ణి. పసిపిల్ల బుగ్గల్లా నున్నగా ఉండేవి. పాడయింది పొట్ట ఒక్కటే. ఆ నాలుగు రోజులూ కాలేజీ పిల్లలు మెస్సు అరుగు మీద కెమెరా ముందు కూర్చుని 'ఫోటోగ్రాఫరు యాడ?' అని అడగడం, మళ్లీ పెరట్లోకి పోయాడని మామ చెప్పడం.

శనివారం సాయంత్రం అమ్మా నాయనా అవ్వా మదనపల్లె నుంచి బస్సులో దిగారు. ఆదివారం తెల్లవారుజామున మొదటి బస్సుకే కుప్పం పోవాలి. మచ్చలు మాత్రం రాలేదు.

అప్పుడు నాలోని కళాకారుడు లేచాడు. జన్మంతా మచ్చలు తీసేసినవాడికి పెట్టడం ఎంతసేపు? మామ వంటింట్లో మైదాపిండి ఉంది. ఫోటోల్లో బుగ్గలు ఎర్రగా చేసే రంగు నా సంచీలో ఉంది. ఆ రాత్రే మైదా ఉడికించి పేస్టు చేసి, ఎరుపు సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి జేబులో దొరికిన కాగితం వెనక పూసి చూసుకున్నాను. తెల్లారకముందే లేచి మోచేతుల మీద మొదట రంగు, దాని పైన పేస్టు, ఆరాక గోటితో చిన్న చిన్న పగుళ్లు. నిజం చెప్పొద్దూ, నా అసలు మచ్చల కంటే ఇవే బాగున్నాయి.

మామ పొయ్యి వెలిగించడానికి వచ్చి చూశాడు. "ఏంరా అది?"

"సోరియాసిస్ మామా."

"ఉండే రోగాన్ని అతికించుకునేవాణ్ణి నా జన్మలో ఈ పొద్దే సూస్తాండా," అని ఆయన పొయ్యి సంగతే మరిచిపోయాడు.

అన్నీ ఆలోచించిన నేను ఒక్కటి ఆలోచించలేదు. ఆరిన మైదా వంగదు. మోచేయి మడిస్తే మచ్చ ఊడిపోతుంది. కాబట్టి పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా కుప్పం దాకా రెండు చేతులూ బారగా చాపుకుని కూర్చున్నాను. కండక్టరు టికెట్టు అడిగితే జేబులో చెయ్యి పెట్టలేను. "నాయనా, తీసియ్యి," అన్నాను. మా నాయన నా జేబులో చెయ్యి పెడుతూ నావైపు ఒక చూపు చూశాడు. పలమనేరులో బస్సు ఆగితే అమ్మ కాఫీ తెచ్చింది, గ్లాసు నోటి దాకా రావడం లేదు.

"యాల అట్ల కర్ర మాదిరి కూర్చోనుండావు? చేతులు నొప్పా?"

"లే మా, గాలి తగలాలని."

"నేనే తాపిస్తాలే," అని ఇరవై నాలుగేళ్ల మగవాడికి బస్సంతా చూస్తుండగా కాఫీ తాగించింది.

కుప్పంలో ఒక బడిలో క్యాంపు. నలభైమంది దాకా వచ్చారు. నా జన్మలో మొదటిసారి చొక్కా చేతులు మడిచి తిరిగే నా జబ్బువాళ్లు అంతమంది ఒకేచోట కనపడ్డారు. వాళ్లను చూస్తే నాకు చెప్పలేనంత ధైర్యమొచ్చింది. నేనొక్కణ్ణే కాదన్నమాట.

మా వంతు రాగానే డాక్టరమ్మ లేచి అవ్వకు కుర్చీ వేసింది. ఒక పెద్ద కాగితం మీద మా వంశాన్ని బొమ్మ గీయడం మొదలుపెట్టింది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం. జబ్బున్నవాళ్లదయితే లోపల నల్లగా నింపాలి. పైన అవ్వ గుండ్రం, కింద నాయన చదరం, పక్కన అమ్మ గుండ్రం, ఆ కింద నాది నల్ల చదరం.

"ఇంకెవరికీ లేదు కదా?"

"ఎవురికీ లేదమ్మా," అంది అవ్వ. "గ్రహణం పూట ఇది వంకాయలు కోసింది, అందుకు వచ్చింది. ఇది రాసుకో ముందు." అని మొత్తం కథ చెప్పింది. అమ్మ తల దించుకుని కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఉంది.

డాక్టరమ్మ ఓపిగ్గా విని, "అవ్వా, దాని గురించి మీకు ఒక మాట చెప్పాలి. ముందు మనవడి చేతులు చూసి ఫోటో తీసుకుంటాను," అంది.

ఇక్కడే నా కొంప మునిగింది. ఆమె పొలుసు కొంచెం గాజుపలక మీదికి తీసుకుందామని చిన్న పట్టకారుతో అంచు మీటింది. మచ్చ మచ్చంతా ఊడి, అప్పడంలా ఆమె చేతిలోకి వచ్చింది. కింద నా చర్మం నున్నగా మెరుస్తోంది.

ఆమె దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. వాసన చూసింది. "ఇది మైదాపిండి కదా?"

జేబులోంచి తీసి నేనిచ్చిన కాగితాలను ఆమె తిప్పింది. రెండో పేజీ వెనక, ఎర్రగా తెల్లగా, నిన్నటి నా కళాఖండం నమూనాలు నాలుగు ఎండిపోయి ఉన్నాయి. ఆమె పేజీ ఇటు తిప్పి, గట్టిగా చదివింది. "క్యాంపుకు వచ్చే సమయానికి మచ్చలు తగ్గిపోయి ఉన్నా పరవాలేదు. రక్తం ఇస్తే చాలు. దయచేసి తప్పక రండి."

వరసలో ఉన్నవాళ్లందరూ గొల్లుమన్నారు. బడి పైకప్పు ఎగిరిపోతుందనిపించింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వుల మధ్య మా నాయన మెల్లగా, "అందుకేనా బస్సులో అట్లుండింది," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె మొహంలో కోపం కూడా లేదు, బాధ ఉంది. అదే ఘోరం. "మీకు జబ్బుందని నాకు తెలుసు నాగరాజుగారూ, మదనపల్లెలో మీ డాక్టరు చెప్పారు. కానీ ఈ పనిలో ఒక్క అబద్ధం చేరితే మిగతావాళ్ల నిజం కూడా పాడవుతుంది. ఇప్పుడు మీ ఇంటివాళ్లు చెప్పినదాంట్లో ఏది నిజమో నేనెలా తెలుసుకోవాలి? ఈ కాగితం పక్కన పెట్టేయాల్సి వస్తుంది." అని మా వంశాన్ని మడవబోయింది.

ఆ కాగితంతో పాటు నేను తెచ్చిన పనంతా మడతపడిపోతోంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "మేడమ్, నన్ను తిట్టండి, కొట్టండి. ఆ ఒక్క మాట మాత్రం జెప్పండి. పదకొండేండ్లుగా మా అమ్మ మీద నింద ఉండాది. గ్రహణం వల్ల కాదని జెప్తారనే ఈ పిండి పూసుకోనొస్తి. మచ్చలు లేకుంటే ఎనక్కి పంపిస్తారని భయపడితి."

నవ్వులు ఆగిపోయాయి. అమ్మ తలెత్తి నన్ను చూసింది. నేను ఎందుకు కుప్పం తీసుకొచ్చానో ఆమెకు అప్పుడే తెలిసింది.

అవ్వ గమ్మున ఉంటే సరిపోయేది, గుర్తుంచుకోండి. మనవడు అబద్ధాలకోరు, కాగితం మడిచేశారు, గ్రహణం గెలిచింది. అందరూ బస్సెక్కి ఇంటికి పోయి ఉండేవాళ్లం. కానీ ఆవిడ కుర్చీలోంచి లేచింది. తల మీది కొంగు తీసేసింది. కొప్పు విప్పింది.

మా అవ్వ తల మేమెవ్వరం ఎప్పుడూ చూడలేదు. ఎవరినీ దువ్వనిచ్చేది కాదు, నూనె పెట్టనిచ్చేది కాదు. భుజం మీద తెల్లగా రాలితే చుండ్రు అనేది. ఎండాకాలంలోనూ మోచేతుల కిందికి ఉండే రవికే తొడిగేది. దీపం పెట్టె మీద గోరంత మచ్చను పట్టుకునే నా కళ్లకు, పక్కన కూర్చున్న అవ్వ ఒక్కనాడూ కనపడలేదు.

"సూడమ్మా," అని మెడ వంచింది. చెవుల వెనక నుంచి మెడ దాకా ఎర్రగా, పొలుసులు కట్టి ఉంది. రవిక చేయి పైకి తోసింది. నా మోచేతి మీద ఎక్కడ వచ్చేదో సరిగ్గా అక్కడే, అదే మచ్చ. "వాడు పూసుకునింది పిండి. ఇది పిండి గాదు. గీరి సూడు. ఈ జబ్బు నాది. నా నుంచే వాడికి పోయుండాది."

"ఎప్పటి నుంచి అవ్వా?" డాక్టరమ్మ గొంతు మెత్తబడింది.

"పెండ్లయిన రెండో ఏడు నుంచి. బయట పడితే మొగుడు ఇడిసేస్తాడని దాస్తి. దాసి దాసి అలవాటైపాయ. వీడికి వచ్చినప్పుడు నాకు తెలిసిపాయ ఇది నాదేనని. ఎవురన్నా నా తల విప్పి సూస్తారేమోనని భయం. అందుకే ముందే గ్రహణం మీద, ఈ పిచ్చి తల్లి మీద వేస్తి." అని అమ్మ వైపు తిరిగింది. "తప్పయిపాయ రత్నా."

పదకొండేళ్ల మాటలు అమ్మ దగ్గర ఎన్ని పోగుపడి ఉంటాయో. అవన్నీ ఇప్పుడు బయటికొస్తాయనుకున్నాను. అమ్మ లేచి వెళ్లి ఆ మెడ మీద చెయ్యి వేసింది.

"ఇన్నేండ్లు ఈ దురద ఎట్ల తట్టుకుంటివి అత్తా, ఒక్కదానివే?"

అంతే అడిగింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. వరసలో ఉన్న ఒక పెద్దాయన ముక్కు చీదడం వినపడింది. నేనైతే చేతులు మడిచి మొహం కప్పుకున్నాను, రెండో మచ్చ కూడా ఊడి ఒళ్లో పడింది.

తర్వాత డాక్టరమ్మ మా కాగితం మళ్లీ విప్పి, అవ్వ చేతికి పెన్ను ఇచ్చింది. "మీదే నింపండి అవ్వా." అవ్వ నాలుక బయటపెట్టి, శ్రద్ధగా తన గుండ్రాన్ని నల్లగా నింపింది. డాక్టరమ్మ వేలితో గీతలు చూపించింది. అవ్వ నుంచి నాయన, నాయన నుంచి నేను. ఇంకా తెలియాల్సింది చాలా ఉందని, మా రక్తం అందుకే పనికొస్తుందని, తిండీ గ్రహణమూ ఇందులో లేవని నిదానంగా చెప్పింది. నేను ఆ మాటల కోసమే వచ్చాను గానీ, నా కళ్లు మాత్రం అమ్మ గుండ్రం మీదే ఉన్నాయి. అది తెల్లగా, ఏ మరకా లేకుండా ఉంది.

నలుగురం రక్తం ఇచ్చాం. నాయన చేయి చాపుతూ, "నాదీ గట్టిగా తీసుకోమ్మా. నోరు తెరవకుండా ఉండిపోతి, రక్తమైనా ఇస్తా," అన్నాడు. మా ఇంట్లో ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట వినడం అదే మొదలు.

వెనక్కి వస్తూ పుంగనూరులో దిగి మామ మెస్సుకు పోయాం. మామ నా ఉత్త మోచేతులు చూసి, "యాడ పడిపాయరా రోగం?" అన్నాడు. అవ్వ సరాసరి వంటింట్లోకి పోయి వంకాయల గిన్నె తెచ్చింది. అమ్మ విస్తరిలో మొదట రెండు కాయలు వేసింది. "గ్రహణం పూట కోసినవి రెండే అంటివి గదా. ఇయి ఆ రెండు. కడమవి వడ్డీ," అని గిన్నె అక్కడే పెట్టింది.

అమ్మ తింటూ ఏడ్చింది, ఏడుస్తూ తినింది. అవ్వ గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. అన్నం అయ్యాక అమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చుకుని, మెస్సు అరుగు మీద అవ్వ వెనక కూర్చుంది. మా అవ్వ తలకు ఇంకొకరి చేత్తో నూనె పట్టడం అదే మొదటిసారి.

ఆ చలికాలానికి నా మచ్చలు యథాప్రకారం తిరిగొచ్చాయి. వంకాయ తిన్నా వచ్చాయి, మానినా వచ్చాయి. కొన్నేళ్లకు డాక్టరమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది, పని ఇంకా సాగుతోందని, మా కుటుంబానికి రుణపడి ఉంటానని. ఆమె మాకా రుణపడేది? ఆ ఉత్తరంతో పాటు పేర్లు లేకుండా మా వంశం బొమ్మ నకలు కూడా పంపింది. అవ్వ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, "ఈ నల్ల గుండు నేనేనా? అచ్చం వంకాయ మాదిరే ఉండానే!" అని పడీపడీ నవ్వింది.

ఇంకొక్క సంగతి. రెండు వేల సంవత్సరం తర్వాత పుట్టిన నా కూతురికి ఏడో ఏట మోచేతి మీద చిన్న ఎర్ర మచ్చ లేచింది. నా భార్య బెదిరిపోయి, 'నేనేం తిన్నానో' అని మొదలుపెట్టింది. అప్పటికి బాగా వంగిపోయిన అవ్వ ఆ మాట పూర్తి కానివ్వలేదు. పిల్లను ఒళ్లోకి లాక్కుని, తన రవిక చేయి పైకి మడిచి, రెండు మోచేతులూ పక్కపక్కన పెట్టింది. "సూడు పాపా, నువ్వు నా మాదిరే ఉండావు," అంది. ఆ పిల్ల ఈ రోజుకీ పొట్టి చేతుల బట్టలే వేసుకుంటుంది.

కాబట్టి మిత్రులారా, కుప్పం బడి సాక్షిగా, మా మామ వంటింటి మైదా డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ నాకున్న జబ్బును నేను నటించను. ఎవరు ఏ కాగితం ఇచ్చినా రెండో పేజీ ముందు చదువుతాను. ఇక ఏ గ్రహణం పూటైనా సరే, మా ఇంట్లో వంకాయలు నేనే కోస్తాను.